గోలీకి నాలుగు, పైడమ్మకి ఎనిమిది

తెర మీద ఎనిమిది పడింది. డాక్టర్ వారిజ కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూసింది. ఆరు కిలోల పొమేరియన్ కుక్కకి అంత నొప్పి ఉంటే కదలనే కదలదు. ఈ గోలీ కుంటుతూనే అయినా నడిచి వచ్చింది.

నొప్పి మీటరు విశాఖకు కొత్త. చూడడానికి చిన్న చాపలా ఉంటుంది. నరాల్లో పరుగెత్తే నొప్పి సిగ్నల్‌ని పట్టి, పదికి ఎంతో అంకె చెబుతుంది. నోరులేని జీవాల కోసం వారిజే దాన్ని తయారుచేసింది.

"చూడండి డాక్టర్ గారూ, ఎంత బాధ ఓర్చుకుంటోందో నా బంగారం!" అంది గోలీ యజమానురాలు సుచరిత.

గోలీ ఎవరినైనా కరుస్తుంది. అందుకే ఆరేళ్లుగా దాన్ని ఎత్తుకు తిప్పుతున్న పనిమనిషి పైడమ్మ, దాన్ని ఒళ్లో పెట్టుకుని చాప మీద కూర్చుంది. వారిజ గోలీని పైకెత్తింది. ఎనిమిది అలాగే ఉంది. పైడమ్మ తుంటి పట్టుకుని లేచింది. గోలీ ఒక్కదాన్నే కూర్చోబెడితే, నాలుగు.

"పైడమ్మా, నీకు తుంటి నొప్పా?"

"నాకేటీ లేదు డాక్టరమ్మగోరూ. మీ మిషనుకే ఏదో అయినట్టుంది."

ఆ మాట అంటూ గోడ పట్టుకుంది.

వారిజ ఎక్స్‌రే చూపించింది. "గోలీకి తొడ ఎముక తల పాడైంది. దాన్ని కోసి తీసేస్తాం. చిన్న కుక్క కాబట్టి కండలే కీలులా పట్టుకుంటాయి. కానీ రెండో వారం నుంచి రోజూ మూడుసార్లు నడిపించాలి."

"నాకూ అలాగే కోసీరాదా?"

"మనిషి బరువు కండలు ఆపలేవు పైడమ్మా. నువ్వు పెద్దాసుపత్రికి వెళ్లాలి."

సుచరిత నిట్టూర్చింది. "ఇంత నొప్పితో గోలీనెలా నడిపిస్తావే? ముందే చెప్పొద్దూ! రేపట్నుంచి రాకు. ఇంటిపట్టున ఉండు."

"ఇంటికాడుంటే తినేదేటమ్మగోరూ? ఇన్నాళ్లూ ఒక్కపూట మానానా?"

"తెలిశాక కూడా చేయించుకుంటే నాకు పాపం కాదూ?"

ఆపరేషనయిన నాలుగు వారాల్లో గోలీ పరుగెత్తింది. సుచరిత వాళ్ల అపార్ట్‌మెంట్ల సంఘం పన్నెండు నొప్పి మీటర్లు ఆర్డరిచ్చింది. అక్కడ ఇన్ని కుక్కలున్నాయా అని ఆశ్చర్యపోతూ, బిగించడానికి వారిజే వెళ్లింది. వాటిని గేటు దగ్గర, పనికోసం వచ్చేవాళ్లు కూర్చునే బెంచీల మీద పరిపించారు. అంకె రెండు దాటితే లోపలికి పంపరట.

వరసలో చివర పైడమ్మ ఉంది. వారిజని చూసి దగ్గరకొచ్చి, గొంతు తగ్గించి అడిగింది.

"తమరు సేసిన మిషనే గదా డాక్టరమ్మగోరూ. ఏ మాత్ర ఏసుకుంటే దానికి తెలవదో సెప్పండి."