కోట తలుపు మూసిందెవరు

పాత కోట వెనక గుమ్మంలోంచి చీకటి పడ్డాక ఎవరూ నడవరు. చుట్టూ తిరిగి వెళ్లాలంటే కాళ్లు పీకుతాయి, అయినా చుట్టే తిరుగుతారు. అక్కడ వెనకటి సేనాపతి దెయ్యమై ఉన్నాడట. కంటికి కనబడడు... చెవిలో గుసగుసలాడతాడు. పాలవాడు విన్నాడు. పాలవాడి మాట నమ్మొచ్చా అంటే, పాలల్లో నీళ్ల సంగతి వేరు, ఆ తర్వాత వారం రోజులు జ్వరంతో మూలిగిన మాట మాత్రం నిజం. గొంతు ఆడదో మగదో వాడు చెప్పలేకపోయాడు. గుమ్మం సేనాపతిది కాబట్టి గొంతూ ఆయనదేనని జనమే తేల్చేశారు.

రోజూ చీకటి పడకముందే ఆ దారిన ఇంటికెళ్లే మనిషి ఒకతి ఉండేది. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం. పగలంతా ఊళ్లోవాళ్ల తప్పులు దిద్ది, రాత్రి వంటగది పక్కన ఓ చిన్న బల్ల మీద చారిత్రక నవలలు రాసేది. అన్నం తింటూ కూడా రాజుల సంగతులే మాట్లాడుతుందని ఆఫీసులో అందరూ ‘మహారాణి’ అని ఏడిపించేవాళ్లు.

మొదటి రెండు నవలలూ భర్త పేరుతో అచ్చయ్యాయి. ఆడవాళ్లకి కత్తియుద్ధాలు ఏం తెలుసని పబ్లిషరు అన్నాడు. ఆమె పళ్లు బిగబట్టి ఊరుకుంది. మూడోదాని మీద మాత్రం తన పేరే ఉండాలని పట్టుబట్టి ఒప్పించింది.

ఆ మూడోదే కొంప ముంచింది.

మామగారి వంశానికి మూలపురుషుడు సాక్షాత్తూ ఆ సేనాపతే. ముందుగదిలో ఆయన బొమ్మ ఉంది, సగం గోడ మీసాలకే సరిపోయింది. శత్రువులు గుమ్మంలోకి చొరబడితే మందుగుండుకి తానే నిప్పుపెట్టి వాళ్లతోపాటు కాలిపోయాడని ఇంట్లో చెబుతారు. కోడలి నవల్లో సేనాపతి ముందురోజే పారిపోతాడు. తలుపు మూసి, సాయం వచ్చేదాకా కోటని నిలబెట్టేది ఆయన భార్య.

“ఆ అధ్యాయం తీసెయ్. లేదంటే ఈ ఇంట్లో నీ బల్ల ఉండదు” అన్నారు మామగారు. భర్త ఏమన్నాడంటారా? ఆయన ఎప్పుడూ గోడమీద పిల్లే. పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

పొద్దున్నే రాతప్రతి పబ్లిషరుకి చేరాలి. ఆ రాత్రి ఆఖరి పేజీ ఆఫీసులోనే దిద్దుకుని, కట్ట సంచిలో పెట్టుకుని బయల్దేరింది. గుమ్మం దగ్గర కాళ్లు ఆగాయి. భయం లేదా అంటే ఎందుకు లేదు, బోలెడంత ఉంది. కానీ ఇవాళ చుట్టూ తిరిగితే రేపట్నించి రోజూ తిరగాలి. అడుగు లోపల పెట్టింది.

గుమ్మమంటే మామూలు గుమ్మం కాదు, పెద్ద గదంత పొడుగు. గబ్బిలాల కంపు. ఆమె నడుస్తుంటే అడుగులు వినిపిస్తున్నాయి... ఆమె ఆగింది. అడుగులు మాత్రం — ఒక్క క్షణం ఆలస్యంగా ఆగాయి.

“రాయకు...”

పై ప్రాణాలు పైనే పోయాయి. సంచిని గుండెకి హత్తుకుంది.

“నా పరువు తియ్యకు... ఈ గుమ్మంలో ప్రాణమిచ్చాను...”

తీసేస్తే పోదూ, ఒక్క అధ్యాయమేగా — నిజం చెప్పాలంటే ఆ క్షణంలో అలాగే అనుకుంది. అది తీసేస్తే ప్రాణమూ దక్కుతుంది, బల్లా దక్కుతుంది.

“శత్రువులు చుట్టుముట్టారు... అగ్గిపుల్ల గీశాను... మందుగుండు మీద పడేశాను...”

ఆమె తలెత్తింది.

అగ్గిపుల్లా?

తన మొదటి నవల్లో ఓ రాజు చేత అగ్గిపుల్ల గీయించిన పాపానికి, ఒక విమర్శకుడు పత్రికలో ఉతికి ఆరేశాడు. ఆ సిగ్గు ఆమె ఒంట్లోంచి ఇంకా పోలేదు. దెయ్యం భయం మాత్రం అప్పటికప్పుడు దిగిపోయింది.

“సేనాపతీ, నీ కాలంలో అగ్గిపుల్లలు లేవు” అంది. “చెకుముకి రాయి కొట్టుకోవాలి. ఎంత తొందరున్నా సరే.”

సంచి భుజానికి తగిలించుకుంది.

“ఇంకో మాట. నువ్వు ముసలివాడివై నది అవతలి ఊళ్లో పోయావు. నీ సమాధి చూసొచ్చాను, దాని మీదే చెక్కి ఉంది. అక్కడ పోయినవాడివి ఇక్కడ దెయ్యమెలా అయ్యావు? పడవెక్కి వచ్చావా?”

చీకట్లో ఎవరో దగ్గారు. రోజూ పక్కగదిలోంచి వినిపించే దగ్గే.

“మీకు చలిగాలి పడదు. బయటికి రండి మామయ్యగారూ.”

కాసేపటికి గోడ వారనుంచి ఆయన వచ్చారు. ఒంటిమీద దుప్పటి, మొహంలో చెప్పలేనంత కోపం.

“నవ్వకు.”

“నవ్వట్లేదండీ” అంది నవ్వాపుకుంటూ.

“మా తాత చెప్పాడు, ఆయనకి వాళ్ల తాత చెప్పాడు. వంశం పరువమ్మా అది. నువ్వూ ఈ ఇంటి కోడలివే.”

“ఆవిడా ఈ ఇంటి కోడలే మామయ్యగారూ.” ఇప్పుడామె నవ్వడం లేదు. “ఆయనకి బొమ్ముంది, మీసాలున్నాయి, గుమ్మం కూడా ఆయన పేరు మీదే ఉంది. ఆవిడ పేరేమిటో మీలో ఒక్కరికీ తెలీదు. నేను రాస్తాను. బల్ల తీసేస్తే నేలమీద కూర్చుని రాస్తాను. ఇంట్లోంచి పొమ్మంటే ఈ గుమ్మంలోనే కూర్చుని రాస్తాను.”

ఆయన దగ్గరికొచ్చారు. గొంతు తగ్గించారు.

“సరే, ఆయన పారిపోయాడే అనుకో. సమాధి ఉందన్నావు. మరి తలుపు ఆవిడే మూసిందని ఎవరు చూశారు? ఒక్క సాక్షిని చూపించు. అధ్యాయం ఉంచుకో.”

సాక్షి లేరు. నవలంతా నిలబడింది ఆ ఒక్క ఊహ మీదే. ఆ సంగతి ఆమెకీ తెలుసు, ఇప్పుడు ఆయనకీ తెలిసిపోయింది.

అప్పుడు — వాళ్ల వెనక, తలుపులు ఏనాడో ఊడిపోయి బోసిగా ఉన్న ఆ గుమ్మం దగ్గర — బరువైన తలుపు కిర్రుమంటూ కదిలింది. ఇనప గడియ పడిన చప్పుడైంది.

“చూడ్డానికి ఎవరున్నారమ్మా...” అంది ఓ ఆడగొంతు, చాలా అలసటగా. “అందరూ పోయారు... నేనే మూశాను.”

మామగారు పరుగందుకున్నారు. దుప్పటి ఒకచోట, చెప్పులు ఇంకోచోట. కోడలు వస్తోందో లేదో వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

ఆమెకీ పరిగెత్తాలనే ఉంది. గోడ పట్టుకుని మెల్లగా గుమ్మం రాతి మెట్టు మీదే కూర్చుంది. సంచిలోంచి కాగితాలు తీసి, తడుముకుంటూ కలం మూత విప్పింది.

“కూర్చోండి అత్తయ్యగారూ” అంది చీకట్లోకి. “పొద్దుటిదాకా టైముంది. ముందు మీ పేరు చెప్పండి.”