గుట్ట మీద మిత్రదేశం

"నీకు వంట వచ్చు కదా?" అన్నాడు చీఫ్ తబ్రేజ్.

కొత్తగూడెంలో ఒక ఫోటో స్టూడియో వెనక గది అది. గోడకు తాజ్‌మహల్ బొమ్మ ఉన్న తెర వేలాడుతోంది. దాని ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న ఏజెంట్ ప్రమీల ఆ ప్రశ్నకు ఆశ్చర్యపోలేదు. బ్యూరోలో చేరింది మొదలు ఆమెకు ఇచ్చిన మారువేషాలన్నీ గరిటెతోనో చీపురుతోనో మొదలయ్యేవే.

"ఎవరికి వండాలె సార్?"

"భాస్కర్ అని మన కొరియర్. హైదరాబాద్ ల్యాబ్ నుంచి తూర్పు తీరం టెస్ట్ రేంజ్‌కు ఒక గైడెన్స్ చిప్ తీస్కపోతుండు. వక్కల డబ్బా అంత స్టీల్ కేసు. కోడ్ నేమ్ బెల్లంముక్క. రైలు మీద అందరి కళ్లున్నయని అడవి రోడ్డు పట్టించినం. గోదారి పెరిగి రోడ్డు మునిగింది. కిన్నెరసాని పక్కన గుట్ట మీద ఫారెస్ట్ బంగ్లాల ఇరుక్కపోయిండు. హెలికాప్టర్ వచ్చేదాక నువ్వు అక్కడ వంటమనిషివి."

"ఎత్తుకపోవాలని చూసేది ఎవరు?"

చీఫ్ ఆ దేశం పేరు చెప్పాడు. ప్రమీల చేతిలో టీ గ్లాసు పెదవి దాకా వెళ్లి ఆగింది.

"వాళ్లు మన దోస్తులు గద సార్. ఎల్లుండి ఢిల్లీల ఒప్పందం మీద సంతకాలు గూడ అంటున్నరు."

"అందుకే. ఆ చిప్ మన దగ్గర ఉన్నంతసేపే వాళ్లు మనతోని మర్యాదగ మాట్లాడుతరు. అది వాళ్ల చేతికి పోయిందా, ఎల్లుండి వాళ్లు చెప్పిన రేటుకు, చెప్పిన కాడ మనం సంతకం పెట్టాలె. చూడు ప్రమీలా, నీ ఇంట్ల దొంగ పడితే వంద నంబరు కొడతవ్. దేశంల దొంగ పడితే ఏ నంబరు కొడతవ్? రాజ్యాలకు పైన ఠాణా లేదు. ఎవరి తలుపుకు వాళ్లే గడియ పెట్టుకోవాలె."

ఈ మాట ప్రమీలకు కొత్త కాదు. వరంగల్‌లో పాలిటిక్స్ ఎమ్మే చదువుతున్న కూతురు జ్యోత్స్న మొన్ననే ఫోన్లో చెప్పింది. మా సిలబస్‌ల రియలిజం అని ఉంది అమ్మా, పక్క దేశం మనసుల ఏముందో ఎన్నడూ తెలువది కాబట్టి దాని చేతిల ఏముందో చూడాలె అంటరు, నువ్వు చదువకనే పాసైనవ్ అని నవ్వింది. నిజమే. హాస్టల్ నుంచి ఫోన్ ఒక్క పూట రాకపోతే జ్వరం దగ్గర మొదలుపెట్టి దవాఖానా మీదుగా ప్రమీల ఆలోచన ఎక్కడెక్కడికో పోతుంది. బ్యూరోలో మాత్రం ఆ గుణానికి మంచి పేరుంది. అక్కడ దాన్ని థ్రెట్ అసెస్‌మెంట్ అంటారు.

"ఇంకోటి. నీకు తోడుగ షబ్రీన్ వస్తది."

"డబుల్ ఏజెంట్ షబ్రీనా? ఆమెకు రెండు దేశాలు జీతమిస్తయి గద సార్. ఇంతకు ఎవరి మనిషి?"

"ఈ వారం మన మనిషి. కోడ్ రాసుకోకు, గుర్తుపెట్టుకో. 'భద్రాచలం రోడ్డు స్టేషన్‌ల దిగితే గుడి కనబడతదా?' అని నువ్వడగాలె. 'కనబడదు, కొత్తగూడెం కనబడతది' అని ఆమె చెప్పాలె."

"గిదేం కోడు సార్. గీ జిల్లాల బస్సెక్కినోళ్లందరికి తెలుసు జవాబు."

చీఫ్ దగ్గాడు.

*

నాటుపడవ ఆమెను గుట్ట కింద దింపి, వచ్చిన దారిన వెళ్లిపోయింది. బంగ్లా వరండాలో నిలబడి చూస్తే నాలుగు వైపులా ఎర్రటి నీళ్లే. టేకు చెట్లు మెడల దాకా మునిగి, తలలు మాత్రం ఊపుతున్నాయి. గోదారి ఎగదన్నడంతో కిన్నెరసాని వెనక్కి తిరిగి ఊళ్ల మీద పడింది. శాటిలైట్ ఫోన్ పడవలోనే తడిసి మూగబోయింది. ప్రమీల లెక్క మొదలుపెట్టింది. గుట్ట జారితే? హెలికాప్టర్ రాకపోతే? వచ్చి కూలిపోతే? అవన్నీ వరసగా అనుకుని, ఆ తర్వాత వెళ్లి పొయ్యి వెలిగించింది.

భాస్కర్ సన్నగా, మర్యాదగా ఉన్నాడు. స్టీల్ కేసును నడుం బెల్టుకు కట్టుకుని పైన స్వెటర్ వేశాడు. ఉక్కపోతలో స్వెటర్ ఏందయ్యా, చూసినోళ్లకు అనుమానం రాదా అని ప్రమీల అడిగితే, తీసేస్తే ఇంకా బాగా కనబడుతుంది కదక్కా అన్నాడు.

మధ్యాహ్నానికి రెండు లంబాడీ తండాల వాళ్లు మేకలతో, మూటలతో గుట్ట ఎక్కారు. నీళ్లు ఇళ్లలోకి వస్తుంటే సగం బియ్యం వదిలేశారు గానీ తీజ్ బుట్టలు వదల్లేదు. శ్రావణంలో పెళ్లికాని ఆడపిల్లలు వెదురు బుట్టల్లో పుట్టమన్ను పోసి, గోధుమలు చల్లి, పాటలు పాడుతూ రోజూ నీళ్లు పోసి మొలకలు పెంచుతారు. చివరి రోజున ఏడుస్తూ నీళ్లలో కలుపుతారు. ఆ చివరి రోజు రేపే. తల్లాడ దగ్గరి తండాలో పుట్టిన ప్రమీలకు ఆ పచ్చటి మొలకలు చూడగానే తీజ్ పాట నోటిదాకా వచ్చింది. కానీ ఆమె ఇప్పుడు ఎక్కడి నుంచో వచ్చిన వంటమనిషి. సొంత భాష నోట్లోనే దాచుకుని అందరికీ గంజి పోసింది.

తండా నాయక్ లచ్చిరాం బుట్టల్ని వరండాలో వరసగా పెట్టించాడు. వాళ్లలో హేమ్లి అనే మనిషి గొంతుకు గుడ్డ కట్టుకుని ఓ మూల కూర్చుంది. అద్దాల రవిక, కణతల మీద వెండి ఘుగ్రీలు, మోచేతి పైదాకా తెల్లగాజులు. గొంతు పోయిందని సైగ చేసింది. ఈ తండా వాళ్లు ఆమెను ఆ తండా మనిషి అనుకున్నారు. ఆ తండా వాళ్లు ఈ తండా మనిషి అనుకున్నారు.

సాయంత్రం రబ్బరు పడవలో షబ్రీన్ దిగింది. నల్ల కళ్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్, బురదలో మడమదాకా దిగబడిన హైహీల్స్.

"భద్రాచలం రోడ్డు స్టేషన్‌ల దిగితే గుడి కనబడతదా?" అంది ప్రమీల, బియ్యం చెరుగుతూ.

"కనబడదక్కా. కొత్తగూడెం కనబడతది. ఆ తర్వాత ఆటోవాడు కనబడతడు."

"ఆటోవాడు కోడ్‌ల లేడు."

"నేను కలిపిన. అనుమానముంటే నీళ్లల్లకు తోసెయ్."

ప్రమీల తోయలేదు గానీ, షబ్రీన్ ముఖం కడుక్కోవడానికి పోగానే ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసి బియ్యం డ్రమ్ములో పూడ్చింది. డ్రమ్ము మూసి లేచేసరికి ప్రమీలకు తన చెవి కమ్మ తేలికగా తగిలింది. ఆ కమ్మలో రిసీవర్ ఉంటుంది. బెల్లంముక్క పది గజాల లోపల ఉంటే సన్నగా కూస్తుంది. ఇందాక పక్క నుంచి పోతూ, జుట్టు చిక్కుకుందక్కా అని షబ్రీన్ సర్దింది ఆ కమ్మనే. అందులో బ్యాటరీ లేదు.

ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ అనలేదు. పిస్టల్ పోయింది కాబట్టి షబ్రీన్ కూరగాయల కత్తి తీసి ఒళ్లో పెట్టుకుంది. కత్తి పోయింది కాబట్టి ప్రమీల రోకలి దగ్గర పెట్టుకుంది. అన్నం ముందు కూర్చున్నాక ఎవరూ ముద్ద ఎత్తలేదు.

"తిను షబ్రీన్."

"పెద్దదానివి, నువ్వు మొదలుపెట్టక్కా."

అన్నం చల్లారిపోయింది. చుట్టూ నీళ్లు ఒకటి, ఎదురుగా ఈ కళ్లద్దాల మనిషి ఇంకొకటి. ఏది ముందు మింగుతుందో తెలియక ప్రమీల తెల్లారేదాకా గోడకు ఆనుకునే ఉంది. షబ్రీన్ కూడా ఎదుటి గోడకు ఆనుకునే ఉంది.

అలా వాళ్లిద్దరూ ఒకరినొకరు కాపలా కాస్తుంటే, భాస్కర్‌ను కాసేవాళ్లు లేకపోయారు.

*

పొద్దున టీ తాగిన భాస్కర్ వరండా బల్ల మీదే పడి గురక పెట్టాడు. ప్రమీల వచ్చి చెంప మీద కొట్టినా లేవలేదు. స్వెటర్ ఎత్తి చూసింది. బెల్టు కోసి ఉంది. కేసు లేదు.

"నువ్వే," అంది షబ్రీన్, కత్తి చూపించి. "టీ పెట్టింది నువ్వు."

"పెట్టింది నేను. పోసుకున్నది ఆయన. నడుమ గ్లాసు చాలాసేపు వరండల ఉంది. నువ్వు ఎటు పోయినవ్ అప్పుడు?"

"నీ ఎనకనే ఉన్న. నువ్వు ఎటు పోతే అటు. అదే గద నా ఖర్మ."

అది నిజమే. షబ్రీన్ తన వెనకే ఉంది. తను షబ్రీన్‌నే చూస్తూ ఉంది. అంటే దొంగ మూడో మనిషి. గుట్ట దిగి పోయే దారి లేదు, కాబట్టి కేసు ఇంకా ఇక్కడే ఉంది. రోడ్డు మునిగినందుకు ప్రమీల మొదటిసారి సంతోషించింది. ఆ సంతోషం కూడా భయం లాగే ఉంది.

వంటగది కిటికీ ఊచల్లోంచి వరండా చూసింది. పిల్లలంతా గంజికి పోయారు. తీజ్ బుట్టల దగ్గర హేమ్లి ఒక్కతే వంగి, చివరి బుట్టలో మన్ను వేళ్లతో అదిమి, చెంబుతో నీళ్లు పోస్తోంది.

ప్రమీల ఊచలు పట్టుకుంది. కణతల మీద ఘుగ్రీలున్న మనిషి, మోచేతి పైదాకా గాజులేసుకున్న మనిషి, అంటే పెళ్లయిన మనిషి, తీజ్‌కు నీళ్లు పోస్తోంది. ఏ తండాలోనూ జరగదు. పెళ్లయ్యాక ప్రమీల కూడా చెల్లెళ్ల బుట్టల వైపు చెయ్యి చాపలేదు. ఈమె ఎవరో ఎగ్జిబిషన్‌లో బట్టలూ నగలూ సెట్టుగా కొనుక్కుని, ఏ నగ ఎవరిదో అడక్కుండా వేసుకుంది.

"షబ్రీన్. నా బ్యాటరీ ఇయ్యి."

"నా పిస్టల్ ఇయ్యి."

"ముందు నువ్వు."

"ముందు నువ్వక్కా."

బయట డోలు మొదలైంది. బుట్టలు నెత్తిన పెట్టుకుని పిల్లలు నీళ్ల వైపు దిగుతున్నారు. కింద, చెట్ల నడుమ ఒక మోటారు పడవ తేలుతోంది. దానికి 'వరద సహాయం' అని బట్ట కట్టి ఉంది. నిన్నటి నుంచి ఒక్క బియ్యం గింజ కూడా తేని సహాయం అది.

ప్రమీల బియ్యం డ్రమ్ములో చెయ్యి పెట్టి పిస్టల్ తీసింది. రెండో చెయ్యి చాచింది.

"ఒక్కసారే. ఇటు నుంచి ఇది, అటు నుంచి అది. నిన్ను నమ్మి కాదు. కేసు వాళ్లకు పోతే నువ్వు నీ రెండో జీతానికి పనికిరావు. వాళ్లకు ఇంక నీతోని ఏం పని?"

షబ్రీన్ కళ్లద్దాలు తీసి మొదటిసారి సూటిగా చూసింది.

"గిది నేను నిన్ననే ఆలోచించిన. నువ్వు ఆలోచించినవని తెల్వక ఊకున్న."

రెండూ ఒకేసారి చేతులు మారాయి. బ్యాటరీ పెట్టినా కమ్మ కూయలేదు, బుట్టలు అప్పటికే పది గజాలు దాటాయి. ప్రమీల గుట్ట కిందికి పరుగెత్తింది. ఇరవై ఏళ్ల పిల్ల సోమ్లి, లచ్చిరాం మనవరాలు, హేమ్లి ముట్టిన ఆ చివరి బుట్టను నీళ్లలో వదిలి కళ్లు తుడుచుకుంటోంది. అప్పుడు కూసింది కమ్మ.

"ఆపండి నాయక్," అని ప్రమీల లంబాడీలో అరిచింది. "ఆ బుట్టకు పెళ్లయిన మనిషి నీళ్లు పోసింది. నా కళ్లతో చూసిన."

డోలు ఆగింది. లచ్చిరాం తల తిప్పి హేమ్లి వైపు, ఆమె ఘుగ్రీల వైపు చూశాడు.

"ఏ తండా కోడలివి నువ్వు?"

హేమ్లి గొంతు అకస్మాత్తుగా బాగైంది. పడవ వాడికి ఏదో పరాయి భాషలో కేక వేసి, రవికలోంచి వేలెడంత పిస్టల్ తీసింది. పేలేలోపే వెనక నుంచి షబ్రీన్ తూటా వచ్చి ఆమె మోచేతి గాజుల్ని పొడి చేసింది. పిస్టల్ బురదలో పడింది. తండా ఆడవాళ్లు ఆమెను నలుగురు నాలుగు వైపులా పట్టుకున్నారు. వాళ్లకు చిప్ సంగతి తెలియదు. బుట్ట ముట్టిన సంగతి చాలు.

బుట్ట మాత్రం తేలుతూ పోతోంది. ప్రమీలకు ఈత రాదు. నీళ్లు నడుం దాటాయి, ఎద దాటాయి. కాళ్ల కింద రాయి ఉందో లేదో తెలియదు. తను పోతే జ్యోత్స్నకు ఎవరు చెబుతారు, ఎలా చెబుతారు, అది అప్పుడు అన్నం తిని ఉంటుందా లేదా అనే దాకా ఆలోచన వెళ్లింది. కాళ్లు మాత్రం ముందుకే వెళ్లాయి.

పడవ మీది మనిషి పొడుగాటి కొక్కెం చాచి బుట్ట అంచుకు తగిలించాడు. ప్రమీల ఈ అంచు పట్టుకుంది. అతను లాగాడు.

ఇంకెవరైనా అయితే ఎదురు లాగేవాళ్లు. ప్రమీల లాగలేదు. ఆమెకు ఎప్పుడూ తోచేది చెడే. నానిన వెదురు చీలిపోతుందనే ఆమెకు ముందు తోచింది. అందుకని అంచు వదిలేసి, పైటకొంగు నీళ్లలో పరిచి, రెండు చేతులతో బుట్ట అడుగున పట్టింది.

అతను ఇంకొక్కసారి గుంజగానే బుట్ట పర్రుమని చీలింది. కొక్కానికి ఖాళీ అంచు, నాలుగు గోధుమ మొలకలు వెళ్లాయి. తడిమన్ను కొంగులో పడింది. మన్నుతో పాటు బరువుగా, చల్లగా, వక్కల డబ్బా అంత స్టీల్ ముక్క పడింది. కమ్మ చెవి చిల్లులు పడేలా కూసింది.

అదే వేళకు టేకు తలల మీదుగా హెలికాప్టర్ చప్పుడు వినిపించింది. 'వరద సహాయం' పడవ వెనక్కి తిరిగి పారిపోయింది.

లచ్చిరాం చెయ్యి అందించి ప్రమీలను పైకి లాగాడు.

"బిడ్డా, నీకు పెళ్లి కాలేదా? నువ్వు గూడ బుట్ట ముట్టినవ్."

"నేను ముట్టింది అప్పటికే చెడ్డ బుట్టను నాయక్."

ముసలాయన సరేనన్నాడు. సోమ్లి ఇంకా నీళ్లలో వదలని పక్క బుట్టలోంచి రెండు మొలకలు తుంచి ప్రమీల జడలో పెట్టింది.

*

వారం తర్వాత అదే స్టూడియోలో, అదే తాజ్‌మహల్ ముందు ప్రమీల మళ్లీ కూర్చుంది.

"హేమ్లి ఏమైంది సార్?"

"పంపించేసినం. వీసాల జానపద నృత్యాల పరిశోధన అని ఉంది. చేతికి కట్టు కట్టించి, శాలువ కప్పి విమానం ఎక్కించిండ్రు."

"శాలువా?"

"ఒప్పందం కుదిరింది గద. మన రేటుకే. చిప్ పరీక్ష పాసయిందని వాళ్లకు తెలిసినంక ఎంత మర్యాదగ మాట్లాడిండ్రో నువ్వు వినాల్సింది."

తలుపు దగ్గర షబ్రీన్ కొత్త కళ్లద్దాలు పెట్టుకుంటోంది.

"వచ్చే వారం ఎవరి మనిషివి?" అంది ప్రమీల.

"జీతం ముందెవరు వేస్తే వాళ్ల మనిషిని. నీ వంట మాత్రం బాగుంటదని విన్నక్కా. ఒక్కసారి వేడిగ ఉన్నప్పుడు తినాలె."

షబ్రీన్ వెళ్లాక ప్రమీల తన చెవి కమ్మ తడిమి చూసుకుంది. బ్యాటరీ ఉంది. అప్పుడు బల్ల మీది పేపర్ తీసింది. మొదటి పేజీలో రెండు దేశాల మంత్రులు కౌగిలించుకుని నవ్వుతున్నారు. ఎవరి చేతులు ఎక్కడున్నాయో చూడాలని ఆమె కిటికీ వెలుతురుకు తెచ్చి మరీ చూసింది. అవతలాయన చేతులు రెండూ స్పష్టంగా కనబడుతున్నాయి.

మన మంత్రిదే ఒక చెయ్యి కనబడలేదు.