గోస్పాడు పెండ్లిచూపులు

"ఆ జోకు అట్ల కాదప్పా. చివర తప్పు చెప్పినావ్."

తిమోతి చేతులు గాల్లోనే ఆగిపోయాయి. నంద్యాలలో నెలకోసారి జరిగే వినపడనివాళ్ల మీటింగులో జోకులు చెప్పేది అతనే. అలాంటిది, ఎవడో కొత్తవాడు వెనక కుర్చీ ఎక్కి మరీ సైగల్లో తప్పు పడుతున్నాడు!

"యాడ్నుంచి వచ్చినావ్ నువ్వు?"

"ఆళ్లగడ్డ. క్రాంతి కుమార్. రాళ్లు చెక్కుతా."

"నీ మొహం గూడా నువ్వే చెక్కుకున్యావా?"

"ఆ. నీది చెక్కినోడు మాత్రం సగంలో టీకి పోయినట్టుండాడు."

గదంతా బల్లలు చరిచి నవ్వింది. తిమోతికి ఒళ్లు మండింది. అది కోపం కాదని తెలియడానికి నాలుగు రోజులు పట్టింది.

ఆ తర్వాత రోజూ వీడియో కాల్. తిమోతి పనిచేసే ఫ్లెక్సీ షాపు ఓనరు, అతను ఈగలు తోలుతున్నాడనుకునేవాడు. ఒకరోజు క్రాంతి ఉలి పక్కన పెట్టి, "నువ్వంటే ఇష్టం" అన్నాడు.

"నెట్ ఆగిపాయ. మళ్లా చెప్పు," అన్నాడు తిమోతి. అలా మూడుసార్లు చెప్పించుకున్నాడు.

కానీ బయటపడాలంటే భయం. సైగల భాషలో చెవిలో గుసగుసలాడే సౌకర్యం లేదు. మీటింగుకొచ్చే ఆ ముప్పై మందీ మొహం తిప్పుకుంటే, కడుపునిండా కబుర్లాడుకునే చోటు తిమోతికి భూమ్మీద ఇంకోటి లేదు.

ఇంతలో అమ్మ కృపావతి గోస్పాడులో సంబంధం చూసింది. అమ్మాయి సౌజన్య. ఆమెకూ వినపడదు, మీటింగుకూ వస్తుంది. కృపావతి కొడుకుతో ఇన్నేళ్లూ మాట్లాడింది నాలుగే సైగలు: తిను, పడుకో, చర్చికి పద, పెండ్లి చేసుకో. నాలుగోది ఈమధ్య రోజుకు పదిసార్లు.

పెండ్లిచూపుల్లో పెద్దవాళ్లు వానల గురించి మాట్లాడుకుంటున్నారు. వాళ్లకు సైగలు రావు గదా అన్న ధైర్యంతో తిమోతి అందరి ముందే సౌజన్యకు చెప్పేశాడు.

"ఏమనుకోవద్దు. నాకు మగోళ్లంటేనే ఇష్టం. ఆళ్లగడ్డ క్రాంతిని ప్రేమిస్తాండా."

"తెలుసు," అంది సౌజన్య. "బస్టాండులో రోడ్డుకు ఆ పక్కొకరు, ఈ పక్కొకరు నిలబడి ముద్దు మాటలాడుకుంటాంటే మేం చూడలేదనుకున్యావా?"

"ఎవరూ ఏమీ అనల్యా?"

"నెలంతా అదే పని. ఇద్దరు మీటింగే మానేస్తామన్యారు. మల్ల పాతబడిపాయ. ఇప్పుడు మీటింగులో ఇంకో పిల్ల, రమ్య గొడవ నడుస్తాంది. అయినా నాకూ నువ్వు నచ్చల్యా."

ఇద్దరూ పగలబడి నవ్వారు.

"సూడండప్పా, ఎంత బాగ మాట్లాడుకుంటాండారో!" సౌజన్య నాయన యోబు మురిసిపోయాడు.

కృపావతి చేతిలో మిక్చరు ప్లేటు కింద పెట్టేసింది. కోడలితో మాట్లాడాలని ఆమె మూడు నెలలుగా ఫోనులో చూస్తూ, ఎవరికీ చెప్పకుండా సైగలు నేర్చుకుంటోంది. కొడుకు చెప్పినవాటిలో ఆమెకు పూర్తిగా అర్థమైన మొదటి మాట, క్రాంతిని ప్రేమిస్తున్నానన్నదే.

నంద్యాల బస్టాండులో దిగాక ఆమె వేళ్లు తడబడుతూ కదిలాయి. "అంతా... అర్థమాయ. ఇన్నేండ్లు నాకు చెప్పల్యా?"

తిమోతి చేతిలో సంచి కింద పెట్టి సైగ చేశాడు. "నీకు నాలుగు మాటలే వచ్చు గదమ్మా. ఆ నాలుగిట్లో ఇది యాడ చెప్పేది?"

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. కొడుకు వీపు మీద ఒక్కటిచ్చింది. వారం రోజులు మాట్లాడలేదు. అన్నం పళ్లెం మాత్రం నేల అదిరేలా పెట్టేది. ఆ అదురు తిమోతి అరికాళ్లకు తగిలేది. ఎనిమిదో రోజు, "పిల్చుకరా వాణ్ని. నచ్చకపోతే తరుముతా," అంది.

ఆదివారం క్రాంతి ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. కృపావతి తనకు వచ్చిన సైగలన్నీ వాడేసింది. మీవాళ్లెవరు? తాగుతావా? ప్రార్థన చేస్తావా? మావాణ్ని ఏడిపిస్తావా? క్రాంతి అన్నిటికీ నిజమే చెప్పాడు, ఒక్క తాగుడుకు తప్ప. ఆమె నచ్చాడనీ అనలేదు, తరమనూ లేదు. చేతులు నొప్పి పుట్టి, కూర తేవడానికి లేచింది.

క్రాంతి చటుక్కున తిమోతి చేతులు రెండూ పట్టుకున్నాడు.

కృపావతి గిన్నెతో తిరిగొచ్చి, గిన్నె కింద పెట్టి సైగ చేసింది. "ఏందీ, ఇద్దరూ గమ్మునైపోతిరి?"

జవాబు చెప్పడానికి ఎవరి చేతులూ ఖాళీగా లేవు.