సాసర్‌లో సగం చాయ్

పాతబస్తీలోని దబీర్‌పురా రైల్వే క్వార్టర్లలో సీమోను ఇంట్లో పొద్దు ఎప్పుడూ ఒకేలా మొదలయ్యేది. ముందు ప్రార్థన, తర్వాత చాయ్. ప్రార్థన కాకముందే భార్య మాణిక్యమ్మ పొయ్యి మీద గిన్నె పెడితే ఆయన ఊరుకునేవాడు గానీ, మూత తీస్తే మాత్రం ఊరుకునేవాడు కాదు. చాయ్ వాసన తగిలితే మనసు దేవుడి మీద నిలవదని ఆయన బాధ. అంతమాత్రానికే కదిలిపోయే మనసుతో ప్రార్థన చేస్తే ఎంత, చేయకపోతే ఎంత అని ఆవిడ గొణిగేది.

సీమోను రైల్వేలో బండ్లకు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్, సంఘంలో పెద్ద. పాదిరిగారు ఊళ్ళో లేని ఆదివారాలు ఆయనే వాక్యం చెప్పేవాడు. ఆయన ప్రార్థన ఎత్తుగడ సంఘంలో అందరికీ కంఠతా వచ్చు. "దిక్కులేని మమ్మల్ని దత్తపుత్రులుగా చేర్చుకున్న మా పరలోకపు తండ్రీ" అని మొదలుపెట్టేవాడు. 'దత్తపుత్రులు' అనే చోట ఆయన గొంతు కాస్త వణికేది. ఆ వణుకు వినడానికే కొందరు ముసలమ్మలు ముందు వరుసలో కూర్చునేవారు. ఇంట్లో ముగ్గురే ఉన్నా అదే ఎత్తుగడ, అదే వణుకు.

ఆమేన్ అన్నాక నిండు కప్పు ఆయన చేతికి వచ్చేది. అందులో సగం సాసర్‌లోకి వంపి కూతురు రాజమణి ముందుకు జరిపేవాడు. ఆమెకు నడక వచ్చినప్పటి నుంచీ ఇదే పద్ధతి. ఇప్పుడామె టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటరు. సొంత కప్పులో తాగమని తల్లి ఎన్నిసార్లు పోరినా వినలేదు. సాసర్‌లో అయితేనే రుచి అనేది.

ఆ సోమవారం మాత్రం సాసర్‌ని మళ్ళీ తండ్రి వైపే జరిపింది.

"వద్దు బాపు."

"ఏమాయె? పానం బాగలేదా?"

"బాగనే ఉంది. చాయ్ బంద్ చేసిన."

పాతబస్తీలో చాయ్ వద్దనడం చిన్న సంగతి కాదు. జ్వరమొచ్చినవాడు కూడా వద్దనడు. అలిగినవాడే వద్దంటాడు. కాబట్టి కూతురు అలిగిందని సీమోను తేల్చుకున్నాడు. ఎందుకు అలిగిందో కూడా ఆయనే తేల్చుకున్నాడు. కాచిగూడ నుంచి ఒక సంబంధం వచ్చి ఉంది. అబ్బాయి లోకోషెడ్డులో ఫిట్టరు.

"పిలగాడు నచ్చలేదేమో, నువ్వు అడుగు" అని భార్యకు పురమాయించి డ్యూటీకి పోయాడు.

మాణిక్యమ్మ ఆ పూటే అడిగింది. "పిలగాడు పొట్టిగున్నడనా?"

"ఏ పిలగాడు?" అంది రాజమణి. నిజంగానే ఆ సంగతి మరిచిపోయినట్టుంది ఆమె మొహం. మాణిక్యమ్మకు అప్పుడే కొంచెం భయం వేసింది. పెళ్ళి సంబంధాన్ని కూడా మరిపించే విషయం ఏదో ఆ పిల్ల మనసులో ఉంది.

వారమంతా సాసర్ ఖాళీగానే ఉంది. సీమోను కప్పు నిండా తాగడం అలవాటు లేక సగం వదిలేసేవాడు.

ఆదివారం రాజమణి డ్యూటీ ఉందని గుడికి రాలేదు. ఆరాధన అయ్యాక, మాణిక్యమ్మ అన్నం వడ్డించబోతుంటే సీమోను అక్క ఆగమ్మ శాలిబండ నుంచి వచ్చింది. కిందటి ఏడాదే ఆమె భర్త ఆగయ్య చనిపోయాడు. అప్పటి నుంచి ఆమెకు ఇల్లు పట్టేది కాదు. ఎవరింట్లో ఏం జరుగుతున్నదో ముందు ఆమెకు తెలిసేది.

"నీ బిడ్డకు డ్యూటీ లేదు, గీటీ లేదు" అంది చెప్పులు విడుస్తూనే. "మార్మన్లని కొత్త సంఘమొచ్చింది గద, గా సంఘంల తిరుగుతున్నది. ఎవల్దో ఇంట్ల కూసుంటరట. తోటి ఆపరేటరు తోలుకపోతున్నదట. వచ్చే శనివారం బాప్తిస్మమట. మా గల్లీ నర్సమ్మ చెప్పింది. చాయ్ తాగొద్దంటరట వాళ్ళు. చాయ్ తాగొద్దని ప్రభువు ఎప్పుడన్నడు?"

సీమోను చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. వారం రోజులుగా ఖాళీగా ఉన్న సాసర్ ఆయన కళ్ళ ముందు తిరిగింది. కూతురు అలగలేదు. అలిగి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. అలక అయితే తీరుతుంది.

రాజమణి వచ్చేసరికి ముగ్గురూ గదిలో కూర్చుని ఉన్నారు. మేనత్తను చూడగానే ఆమెకు విషయం అర్థమైంది. బ్యాగు కొక్కానికి తగిలించి, గోడకు ఆనుకుని నిలబడింది.

"శనివారం సంగతి నిజమేనా?" అన్నాడు సీమోను.

"నిజమే బాపు. నేనే చెప్దామనుకున్న. ఇంట్ల అడిగి రమ్మన్నరు వాళ్ళు. అడిగే ధైర్యం రాక వారం సంది చాయ్ ఒక్కటే వద్దంటున్న."

"నీకు బాప్తిస్మం అయ్యింది. నా చేతుల మీద ఎత్తుకోని ఇప్పించిన. మల్ల ఎందుకు?"

ఆయన గొంతు పెంచలేదు. పాయింట్ల దగ్గర పనిచేసేవాడికి అరిచే అలవాటు ఉండదు. తప్పు ఎక్కడ ఉందో చూసి సరిచేసే అలవాటే ఉంటుంది. ఆ పద్ధతిలోనే అడిగాడు.

"ఏం చెప్తరు గక్కడ? మన దగ్గర లేనిది ఏం చెప్తరు?"

"గీ లోకానికి రాకముందే మనం దేవుని దగ్గర ఉన్నమంటరు. ఆయన మన ఆత్మల కన్న తండ్రి అంటరు. చేసినోడు కాదు బాపు, కన్నోడు. మనం నిజంగ ఆయన బిడ్డలం."

"తప్పు బిడ్డా." సీమోను తల అడ్డంగా ఊపాడు. "ఆయన కుమ్మరి, మనం మట్టి. కుండ పోయి కుమ్మరిని నువ్వు నన్ను కన్నవంటదా? ఆయన కన్నది ఒక్క కుమారుణ్నే. ఆయన ఆయనే, మనం మనమే. మన తాహతు ఏందో తెల్సుకుంటేనే ఆయన దయ ఏందో తెలుస్తది. దిక్కులేనోళ్ళం మనం. క్రీస్తును బట్టి దత్తపుత్రులమైనం. గంతే."

ఆ మాట వేలసార్లు అన్న మాటే కాబట్టి ఆయన నోటి నుంచి నున్నగా జారింది. మాణిక్యమ్మ మాత్రం చప్పున కూతురి వైపు చూసింది.

రాజమణి పుట్టుక ఆ ఇంట్లో రహస్యం కాదు. సీమోనుతో పనిచేసిన గ్యాంగ్‌మన్ ఎల్లప్ప కూతురు ఆమె. తల్లి పురిట్లోనే పోయింది. కొన్నాళ్ళకే ఎల్లప్ప పట్టాల మీద పనిలో బండి తగిలి పోయాడు. చుట్టాలెవరూ ముందుకు రాలేదు. పిల్లలు లేని సీమోను, మాణిక్యమ్మ ఆ పసిదాన్ని తెచ్చుకున్నారు. క్వార్టర్లలో అందరికీ తెలుసు, రాజమణికీ తెలుసు. తెలిసిన విషయం కాబట్టి దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. అన్నేళ్ళలో ఒక్కసారీ మాట్లాడలేదు.

"గా మాట ఇని ఇనే నాకు యాష్టకొచ్చింది బాపు" అంది రాజమణి. "ఇంట్ల దత్తతనే. పరలోకంల గూడ దత్తతనేనా? ఒక్క తావులనన్న కన్నబిడ్డనైతనని పోయిన."

"చూసినవా తమ్ముడా," ఆగమ్మ అందుకుంది. "నీ కడుపున పుట్టింది అయితే గిట్ల మాట్లాడునా?"

"వదినా," అంది మాణిక్యమ్మ. గట్టిగా కూడా అనలేదు. "నువ్వు ఇంకొక్క మాటంటే ఈ ఇంట్ల నీకు అన్నం పుట్టదు."

ఆగమ్మ నోరు మూసుకుంది. ఆ ఇంట్లో ఆమెతో అలా మాట్లాడిన వాళ్ళు అంతవరకు లేరు.

రాజమణి మేనత్త వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. "అత్తా, మామ పోయిన నాడు నువ్వు బాపుని ఒకటి అడిగినవు. పరలోకంల మీ బావ నాకు మల్ల మొగుడే గద అని. బాపు ఏమన్నడో యాదికుందా?"

ఆగమ్మకు యాదికుంది. ఆమె కళ్ళు దించుకుంది.

"గక్కడ మొగుడు పెండ్లాం అనేది ఉండదక్కా, అందరం దేవదూతల లెక్క ఉంటమన్నడు. నేను తలుపు దగ్గర నిలబడి విన్న. మొగుడు పెండ్లామే లేకపోతే, పెంచినోడు, పెరిగినదీ ఎక్కడుంటరు? కన్నోళ్ళకు రక్తమన్న ఉంటది. నాకేముంది? సచ్చినంక బాపు ఎవలో, నేను ఎవలో." రాజమణి గోడ వదిలి తండ్రి ముందుకు వచ్చింది. "వాళ్ళ గుడిల తల్లిదండ్రులకు బిడ్డను ఎప్పటికీ విడిపోకుంట కలుపుతరట. పెంచుకున్న బిడ్డనైనా సరే. అసుంటి గుడి మన దేశంల లేదు. ముందుగాల మీరిద్దరు గూడ చేరాలె. అన్నీ తెలుసు నాకు. అయినా పోయిన. మిమ్మల్ని ఇడిసిపెట్టి పోతనని పోలే బాపు. మిమ్మల్ని పట్టుకోవాలనే పోయిన."

సీమోను లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఆయనకు కోపం వచ్చిందని ఆగమ్మ అనుకుంది. ఆయన మెట్ల మీద కూర్చుని, ఎదురుగా పోతున్న గూడ్సు బండిని డబ్బా తర్వాత డబ్బా చూస్తూ ఉండిపోయాడు.

ఆగమ్మ వెళ్ళాక మాణిక్యమ్మ వచ్చి ఆయన పక్కన మెట్టు మీద కూర్చుంది.

"వాళ్ళు చెప్పేది తప్పు" అన్నాడు ఆయన.

"కావొచ్చు. నాకంత చదువు లేదు. నాకు ఒకటి చెప్పు. దత్తపుత్రులు, దత్తపుత్రులు అని పొద్దుగాల లేస్తే ప్రార్థన చేస్తవు. సంఘమంతా ఏడుస్తది. నీ ముంగట కూసున్న పిల్ల మొకం ఒక్కసారన్న చూసినవా?"

"కండ్లు మూసుకోని చేస్త గద."

"నేను తెరుచుకోనే చేస్త" అంది మాణిక్యమ్మ. "నేను చూసిన. చూసి గూడ నీకు చెప్పలే. అందరు మెచ్చుకుంటుంటే నేనెందుకు అడ్డం రావాలె అనుకున్న. నా తప్పు గూడ ఉంది."

ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున పొయ్యి మీద రెండు గిన్నెలు ఉన్నాయి. ఒకదాంట్లో చాయ్, రెండోదాంట్లో శొంఠి, బెల్లం వేసి కాచిన నీళ్ళు. రెండింటి మీదా మూతలు ఉన్నాయి. ముగ్గురూ చాప మీద కూర్చున్నారు. సీమోను కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు.

"దిక్కులేని మమ్మల్ని..."

అక్కడ ఆగాడు. ఆమేన్ అనకముందు ఎన్నడూ తెరవని కళ్ళు తెరిచాడు. రాజమణి తల వంచుకుని ఉంది. కింది పెదవిని పళ్ళతో నొక్కిపెట్టి ఉంది. చిన్నప్పుడు రైల్వే ఆసుపత్రిలో సూది వేయించుకునే ముందు అలాగే పెట్టేది. ఏడిస్తే బాపు బాధపడతాడని ఏడ్చేది కాదు. ఇన్నేళ్ళుగా రోజూ తన ఎదురుగా కూర్చుని ఈ పిల్ల ఇలా సూదికి సిద్ధపడుతూ ఉందని ఆయనకు అప్పుడు తెలిసింది.

"రాజమణీ" అన్నాడు.

ఆమె ఉలిక్కిపడి తలెత్తింది. ప్రార్థన మధ్యలో ఆయన ఎవరినీ పిలిచి ఎరగడు.

"గా దత్తపుత్రులన్న మాట పుస్తకంల నేను మస్తుసార్లు చదివిన. చదివినప్పుడల్లా ఒట్టి మాటనే. దేవుడు ఎవల్నో ఎందుకు తెచ్చుకుంటడు, ఆయనకేం తక్కువ అనుకునేటోణ్ని. ఎల్లప్ప పోయిన నాడు మీ ఇంటికి వచ్చిన. నువ్వు చాట పక్కన పండుకోని ఉన్నవు. ఏడుస్తలేవు. ఎత్తుకుంటే నా అంగీ గుండీ పట్టుకున్నవు, ఇడిసిపెట్టలే. గుండీ తెగేదాక ఇడిసిపెట్టలే. ఇంటికి తోలుకొచ్చేటప్పుడు తొవ్వల నాకు అర్థమయ్యింది, దేవుడు మనల ఎట్ల ఎత్తుకున్నడో. గా దినం సంది నా ప్రార్థన గట్ల మొదలయ్యింది. దానికి ముందు అనేటోణ్ని కాదు. కావాలంటే మీ అమ్మను అడుగు."

రాజమణి తల్లి వైపు చూసింది. మాణిక్యమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ తల ఊపింది.

"నిన్ను తక్కువ చేసి అనలే బిడ్డా. నిన్ను చూసి అన్న. నా గొంతు వణికేది దేవుని కోసమని అందరనుకుంటరు. గా గుండీ యాదికొచ్చి వణుకుతది."

రాజమణి మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చింది. సూదికి పెదవి నొక్కిపెట్టినట్టు కాదు, ఆపుకోకుండా ఏడ్చింది. సీమోను ఆపలేదు. ఆయనకు కూడా కళ్ళు కనబడటం లేదు.

కాసేపటికి ఆయనే అడిగాడు. "శనివారం పోతవా?"

"పోత బాపు. వాళ్ళ మాట నాకు నిజమనే అనిపిస్తున్నది."

"నాకు అనిపిస్తలేదు. నేను ఒప్పుకోను. ఎన్నటికీ ఒప్పుకోను."

"తెలుసు."

"తడి బట్టల మీద బస్సు ఎక్కకు. మీ అమ్మను తోలుకపో, పొడి చీర పట్టుకుంటది."

రాజమణి ముక్కు తుడుచుకుంది. ఆమె అడగదలచుకున్నది ఇంకా ఒకటి మిగిలే ఉంది. "బాపు, సచ్చినంక నేను నీ బిడ్డనేనా?"

సంఘ పెద్దగా ఆయన చెప్పవలసిన జవాబు ఒకటుంది. దాన్ని నోటిదాకా తెచ్చుకుని, కూతురి మొహం చూసి మింగేశాడు. అబద్ధం చెప్పడమూ చేతకాలేదు.

"పుస్తకంల నాకు దొరకలే" అన్నాడు. "కానీ నేనే గద ముందుగాల పోయేది. పోయినంక ఇంకేమీ అడగ. తండ్రిని పట్టుకోని గదొక్కటే అడుగుత. ఇయ్యనంటే, గుండీ ఇడిసిపెట్ట."

మాణిక్యమ్మ లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళింది. చాయ్ కప్పు తెచ్చి భర్త ముందు పెట్టింది. ఆయన దాన్ని పక్కకు జరిపి, రెండో గిన్నె వైపు చెయ్యి చూపించాడు. ఆవిడ శొంఠి నీళ్ళు పోసి ఇచ్చింది. ఒక గుటక తాగి, ఘాటుకు మొహం చిట్లించాడు. సగం సాసర్‌లోకి వంపి కూతురి ముందుకు జరిపాడు. రాజమణి సాసర్ రెండు చేతులతో ఎత్తి, ఊదుకుంటూ చివరిదాకా తాగింది.

ప్రార్థన సగంలోనే ఆగిపోయిందని, ఎవరూ ఆమేన్ అనలేదని మాణిక్యమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. ఆవిడ ఆ మాట ఎత్తకుండా, చల్లారిపోతున్న చాయ్ తాను తాగేసింది.