పగవాడి పొలంలో

"నీళ్లు ద్రాక్షారసం కావడం కెమిస్ట్రీకి కుదరదు. నీళ్ల మీద మనిషి నడవడం ఫిజిక్స్‌కి కుదరదు!"

టెక్కలి లైబ్రరీ హాల్లో చప్పట్లు మోగాయి. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే త్రినాథ్ మహిమల మీద మాట్లాడితే అంతే. మహా ఊపుగా ఉంటుంది.

వెనక వరసలోంచి ఒకమ్మాయి లేచింది.

"నా పేరు కుమారి, నర్సుని. మా నాన్న పాస్టరు. మహిమల సంగతి వదిలేయండి సార్. పగోడిని ప్రేమించమన్నాడు కదా ఏసు, అందులో మహిమ ఏటున్నాది? అది సేసి సూపించండి, సూద్దాం."

హాలు గొల్లుమంది. త్రినాథ్ చెవులు ఎర్రబడ్డాయి.

"చేస్తాను!" అనేశాడు.

"పగోడున్నాడేటి మీకు?"

ఉన్నాడు. పెదనాన్న కొడుకు మోహనకృష్ణ. మూడేళ్ల కిందట చేలోకి నీళ్లు పెట్టుకునే దగ్గర మాటామాటా పెరిగి, కోటబొమ్మాళి సంతలో అందరి ముందూ త్రినాథ్ చెంప పగలగొట్టాడు. అప్పట్నుంచి మాటల్లేవు.

మర్నాడు కాలేజీ అయ్యాక ఇంటికెళ్లే కోటబొమ్మాళి బస్సులో పక్క సీట్లో కుమారి! వాళ్ల నాన్న ఆ ఊరికి కొత్తగా బదిలీ అయ్యాడట.

"ఏటి సార్, ప్రేమించారా?" అంది, బస్సంతా వినేలా.

"ఎ... ఎవరిని?"

"పగోడిని!"

ఆ నవ్వుకి కండక్టరు కూడా వెనక్కి తిరిగాడు.

రోజూ అదే బస్సు, అదే ప్రశ్న. త్రినాథ్ పట్టుదలగా ఏసు మాటలు చదవడం మొదలుపెట్టాడు. నచ్చినవి నోట్‌బుక్‌లోకి ఎక్కించేవాడు.

"మహిమలన్నీ తీసేసినారా? ఇంకేటి మిగిల్నాది?" అని ఏడిపించింది కుమారి.

"కష్టమైనదంతా మిగిలింది," అన్నాడు త్రినాథ్.

కుమారి నవ్వు ఆగిపోయింది. మొదటిసారి అతన్ని అలా తేరిపార చూసింది. ఆ చూపుకి త్రినాథ్ దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

నవంబరులో అల్పపీడనం పట్టింది. ఆ శనివారం బస్సులో కుమారి పక్కన కూర్చున్న త్రినాథ్‌కి కిటికీలోంచి మోహనకృష్ణ కనిపించాడు. కోసిన వరి చేలోనే పరుచుకుని ఉంది. ఊళ్లో అందరితో తగువులే కాబట్టి సాయానికి ఒక్కరూ లేరు. తనూ, భార్యా పరుగులు పెడుతున్నారు. ఆకాశం నల్లగా దిగిపోతోంది.

"ఆపండి!" అని అరిచి, దూకినంత పని చేశాడు త్రినాథ్.

"నీకేటి పనిరా ఇక్కడ?" అన్నాడు మోహనకృష్ణ.

"వానొచ్చేస్తంది అన్నా. ముందు పనలు మొయ్యి, తర్వాత తిడుదువు."

కుప్ప వేసి టార్పాలిన్ కప్పారో లేదో, దబదబా కురిసింది. పశువుల పాకలోకి చేరాక మోహనకృష్ణ తన తువ్వాలు తీసి త్రినాథ్ చేతికిచ్చాడు.

"ఆ రోజు సెయ్యెత్తకుండా ఉండాల్సింది రా తమ్ముడూ."

"నేనన్న మాటలూ మంచివి కావన్నా."

ముగ్గురమే మోశామనుకున్నాడు త్రినాథ్ గాని, నాలుగో మనిషి కూడా ఉంది. మోకాళ్ల దాకా బురదతో కుమారి!

"గెలిచేసినారు సార్!"

"పందెం గుర్తే లేదండీ. వడ్లు తడిసిపోతాయని భయమేసింది, అంతే. మీరెందుకు దిగారు?"

"మీరు దిగారని," అని, తల తిప్పేసుకుంది.

"రేపు మీ నాన్నగారి దగ్గరికి రానా?" అన్నాడు త్రినాథ్.

కుమారిని పెళ్లి చేసుకుంటానని చెప్పడానికి ఆదివారం పాస్టరు గారి ముందు కూర్చున్నాడు. ఆయన సూటిగా అడిగాడు.

"దేవుణ్ణి నమ్ముతావా బాబూ?"

అవునంటే సరిపోయేది. గుమ్మం దగ్గర కుమారి ఊపిరి బిగబట్టింది.

"లేదండి. ఏసు బతకమన్నట్టు బతకాలని మాత్రం ఉంది. మీ అమ్మాయి కోసం అబద్ధం ఆడలేను."



"నమ్ముతానని సెప్పి ఇద్దరొచ్చినారు ఇదివరకు. ఒక్కడూ పగోడి సేలో పన మొయ్యలేదు," అన్నాడాయన నెమ్మదిగా. "నీ కోసం ప్రార్థన సేస్తాను. అడ్డు సెప్పవు గదా?"

"చెప్పనండి."

"అయితే బోంచేసి ఎల్లు. అమ్మా కుమారీ!"

కళ్లు తుడుచుకుంటూనే వడ్డించింది. త్రినాథ్ ముద్ద కలపడం మరిచి ఆమెనే చూస్తున్నాడు.

"అలా సూస్తావేటి? తిను," అంది కుమారి. ఆ మీరూ, ఆ సారూ ఎప్పుడు పోయాయో ఇద్దరికీ తెలియలేదు.