ఇరవై ఏండ్లు ఉండే డిస్కు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, కాదనను. కానీ 2004లో కోవిల్‌పట్టిలో సీడీ కొట్టు పెట్టుకున్నవాడికి కోపం రాకపోతే వాడు సన్యాసి అన్నమాట. అప్పుడొచ్చే చవక డిస్కులు అట్లుండేవి మరి! పెళ్ళి వీడియో ఎక్కించి ఇస్తే ఆరు నెలలకే పైనున్న వెండి పొర పొక్కులు లేచి రాలిపోయేది. పెళ్ళికొడుకు తండ్రి వచ్చి, "ఏం సుబ్బురాజ్, మావాడు తాళి కట్టేది ఏదయ్యా?" అని చొక్కా పట్టుకునేవాడు. డిస్కు నేను చేశానా?

అందుకే పంచవర్ణం వచ్చి, "అన్నా, ఇరవై ఏండ్లు ఉండాల" అంటే నవ్వొచ్చింది.

"ఇరవై నెలలుంటే దండం పెట్టుకో తల్లీ" అన్నాను.

ఆమె నవ్వలేదు. చంకలో రెండేళ్ళ పిల్ల, కార్తీశ్వరి. కొంగు ముడి విప్పి ఒక ఆడియో క్యాసెట్ బల్ల మీద పెట్టింది. వాళ్ళ ఊరు ఏళాయిరంపన్నై. మొగుడు సోలైమలై, టపాసుల షెడ్డులో మంట అంటుకుని పోయాడు. అప్పటికి కడుపులో బిడ్డ ఉందని ఆమెకే తెలీదు, ఇక ఆయనకేం తెలుస్తుంది? కొత్తగా టేప్‌రికార్డర్ కొన్న రోజు సరదాకి ఏదో మాట్లాడి పెట్టాడట. ఆయన గొంతు ఇక మిగిలింది ఆ క్యాసెట్‌లోనే.

"ఇది పెద్దదై, నాయన గొంతు ఎట్లుంటాది అని అడిగితే నేనేం చెప్పేది అన్నా?"

క్యాసెట్ చూస్తే టేపంతా బూజు, ముడతలు. ఒక్కసారి తిరిగితే గొప్ప.

మరునాడు పనిగట్టుకుని విరుదునగర్ పోయాను. మంచి డిస్కును గుర్తుపట్టడానికి నాదొక లెక్క ఉంది. ట్యూబులైటుకు అడ్డంగా పట్టుకుంటే అవతల వెలుగు కనిపించకూడదు. మూడు కొట్లలో చూశాను. జల్లెడలో నుంచి చూసినట్టు అంతా కనిపిస్తోంది. నాలుగో కొట్టులో పట్టమ్మాళ్ అని ఒక పెద్దామె, నా సతాయింపు పడలేక లోపలినుంచి ఒకటి తెచ్చి పడేసింది. బంగారు రంగుది. లైటుకు పట్టాను. వెలుగు చుక్క కూడా రాలేదు.

"అదొక్కటే ఉంది. అడిగేవాళ్ళు లేక తెప్పించడం మానేశాం" అంది. గీత పడకుండా చొక్కా లోపల పెట్టుకుని బస్సెక్కాను.

పంచవర్ణం ఆ మరుసటి మధ్యాహ్నం వచ్చింది. ఒకటే వాన. జల్లు కొడుతోందని షట్టరు సగానికి దించాను. మూడు గంటలకే లోపల చీకటి, తడి సిమెంటు వాసన. పిల్లను బెంచీ మీద కూర్చోబెట్టి చేతికి బిస్కెట్టు ఇచ్చాను. టేప్‌రికార్డర్ నుంచి కంప్యూటర్‌కు వైరు తగిలించి బటన్ నొక్కాను.

బరబరా శబ్దం. తర్వాత మగగొంతు, నవ్వుతూ.

"ఏమే పంచవర్ణం, రికార్డు అవతా ఉందా? చూడు, మబ్బు కమ్ముకుంది. మిరపకాయలు లోపల పెట్టు. సాయంత్రానికి కరుపట్టి బెల్లమేసి కాపీ కాచు... సరే, పొద్దాయ. పోయొస్తా."

"సరే మామా, పోయి రా" అంది పంచవర్ణం.

అలవాటుగా అనేసింది పాపం. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

"బుద్ధుందా నీకు? చచ్చినోళ్ళకు ఆ మాట అంటారా!"

మా వాళ్ళలో ఎవరు బయల్దేరినా 'పోయి రా' అంటాం, ఒట్టి 'పో' అనం. చావింట్లో మాత్రం ఆ మాట నోట రాకూడదు. వచ్చినవాళ్ళు చెప్పకుండానే లేచిపోవాలి. ఎందుకని అడిగితే, "రమ్మంటే వస్తారు కదరా" అనేది మా అవ్వ.

పంచవర్ణం నాలుక కరుచుకుంది. అదే క్షణాన టక్కుమని టేపు తెగింది.

పోతే పోయింది, గొంతు కంప్యూటర్లో పడింది కదా. బంగారు డిస్కు మీదికి ఎక్కించి, ఇంకేమీ చేర్చడానికి వీల్లేకుండా మూసేశాను. అలవాటు కొద్దీ కంప్యూటర్లోది చెరిపేశాను. సరిగ్గా పడిందో లేదో చూద్దామని పెట్టాను.

మిరపకాయలు. కరుపట్టి కాపీ. పోయొస్తా.

"సరే మామా, పోయి రా."

స్పీకర్లో... పంచవర్ణం గొంతు.

నా కొట్టులో మైకు లేదు. ఎప్పుడూ లేదు.

అక్కడితో అయిపోవాలి. అవలేదు. తెర మీద సెకన్ల అంకెలు తిరుగుతూనే ఉన్నాయి. స్పీకర్లో వాన శబ్దం మొదలైంది. బయటి వాన కాదు, అది వేరే వాన. అందులో చెప్పుల చప్పుడు. దూరంగా... తర్వాత కొంచెం దగ్గరగా...

"ఆయన నడకే అన్నా" అని నా పక్కన పంచవర్ణం గుసగుసలాడింది.

కాలిన టపాసుల మందు వాసన గుప్పుమంది. భయమెయ్యలేదని ఎందుకు బొంకాలి? ఎజెక్ట్ నొక్కబోయాను.

"తీసి ఇరగ్గొట్టేస్తా."

పంచవర్ణం నా మణికట్టు పట్టేసుకుంది. "వద్దన్నా... టేపు తెగిపాయ. ఇదొక్కటే ఉంది. నా బిడ్డకు ఇదొక్కటే..."

చెప్పుల చప్పుడు ఆగింది. గడియ తీసిన శబ్దం. ఎవరో ఊపిరి పీలుస్తున్నారు, స్పీకరుకు ఆ పక్కనే నిలబడి.

"పంచవర్ణం... ఈ పాప ఎవురిది?"

ఆ మాట క్యాసెట్‌లో లేదు. ఉండటానికి వీల్లేదు. ఆమె పెదవులు కదలబోయాయి. నేను చెయ్యి విదిలించుకుని ఆమె నోరు మూసేశాను, గట్టిగా, రెండు చేతులతో.

"బదులు చెప్పొద్దు. నీకు దండం పెడతా... చెప్పొద్దు."

నా అరచేతుల కింద ఆమె పెదవులు బిగుసుకునే ఉన్నాయి. కదల్లేదు. ఒట్టు, కదల్లేదు.

స్పీకర్లో పంచవర్ణం గొంతు మెల్లగా అంది.

"నీ బిడ్డే మామా... ఎత్తుకో."

వెనక్కి తిరిగి చూశాను. బెంచీ మీద కార్తీశ్వరి బిస్కెట్టు వదిలేసి, ఎవరూ లేని వైపు తలెత్తి, నవ్వుతూ రెండు చేతులూ పైకి చాచింది.