నానమ్మ కాళ్ళ దగ్గరి నీడలు

“కాస్త పక్కకి జరుగుతారా? మీ నీడ పడుతోంది.”

కొండ మలుపులో వ్యాన్ ఆపించి, తడి నేల మీద మోకాళ్ళు ఆనించి, రేపోమాపో రాలబోయే ఒక ఎర్రటి ఆకుకి కెమెరా గురిపెట్టిన కుర్రాడు తల తిప్పకుండానే అన్నాడు.

నీడ కదల్లేదు.

“మిమ్మల్నే.”

“విన్నాను. నేను నిలబడ్డానంతే, నీడని పడేసింది సూర్యుడు. ఆయన్ని జరగమనండి.”

తిరిగి చూస్తే వ్యాన్ డ్రైవరు. తాళాల గుత్తి వేలికి తిప్పుకుంటూ తాపీగా నిలబడి ఉంది. పొద్దున బయల్దేరేటప్పుడు ఆమెనే పట్టుకుని “డ్రైవరు ఇంకా రాలేదాండీ?” అని అడిగిన ఘనుడు ఇతనే. అప్పుడామె వెళ్ళి స్టీరింగ్ ముందు కూర్చుని, ఊరు ఉలిక్కిపడేలా హారను కొట్టింది. ఆ సంగతి ఇంకా మర్చిపోయినట్టు లేదు.

ఇంతలో గాలి విసిరింది. ఆకు తొడిమ వదిలేసి, గిరగిరా తిరుగుతూ వచ్చి ఆమె బూటు మీద వాలింది.

“పోయింది,” అన్నాడు ఏడుపు గొంతుతో.

“ఎక్కడికీ పోలేదు, కింద పడింది.” వంగి తీసి అతని టోపీ అంచులో దోపింది. “ఎక్కండి. లోపల మీ నాన్నగారి గురకకి వ్యాన్ కదిలిపోతోంది.”

అతను ఊళ్ళో కళ్ళద్దాల షాపులో పనిచేస్తాడు. రోజంతా జనం ముక్కుల మీద ఇనప ఫ్రేము పెట్టి, బిళ్ళలు మార్చి మార్చి, “ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?” అని అడగడమే పని. ఏడాదంతా కూడబెట్టుకున్న సెలవులు ఆకురాలే కాలంలో కెమెరాకి సమర్పిస్తాడు. ఎప్పుడూ ఒంటరిగానే వెళ్ళేవాడు. ఈసారి మాత్రం నానమ్మ పట్టుబట్టింది. “నేను రాలకముందు ఆ రాలే ఆకులేవో నాకూ చూపించరా,” అంది. నానమ్మ బయల్దేరితే అమ్మ బయల్దేరింది. అమ్మ బయల్దేరితే వంట ఎవరు చేస్తారని నాన్న కూడా బయల్దేరాడు. అందుకని ఈ వ్యాన్.

నానమ్మ ముందు సీటు ఆక్రమించింది. “వెనక కూర్చుంటే మీ వీపులే కనపడతాయి,” అంది. కళ్ళలో శుక్లాలు ముదిరి రోడ్డే సరిగ్గా కనపడని మనిషికి వీపులైతేనేం, కొండలైతేనేం అని ఎవరూ అనలేదు. మర్నాటికల్లా నానమ్మా డ్రైవరూ ఒక పార్టీ అయిపోయారు. అతనికి పేరు కూడా పెట్టేశారు, ఫోటో బాబు అని.

“ఫోటో బాబూ, ఆ పసుప్పచ్చ చెట్టు దగ్గర ఆపనా?”

“వద్దండీ, కరెంటు తీగ అడ్డొస్తోంది.”

“పోనీ ఇది?”

“వెనకాల రేకుల షెడ్డుంది.”

“మరి ఆ వాగు పక్కది?”

“ఎవరో బట్టలు ఆరేశారు.”

డ్రైవరు గేరు మార్చి నానమ్మ వైపు వంగింది. “తీగ పనికిరాదు, షెడ్డు పనికిరాదు, మనుషుల బట్టలు కూడా పనికిరావు. ఈయనకి పెళ్ళి కావడం కష్టమే, బామ్మగారూ.”

“నేనూ అదే మొత్తుకుంటున్నా తల్లీ,” అంది నానమ్మ.

అతను కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టు నటించాడు. నిజానికి చూస్తున్నది డ్రైవరు ముందున్న చిన్న అద్దంలోకి. మలుపు వచ్చిన ప్రతిసారీ అందులో ఒక జత కళ్ళు కనపడేవి. ఆ కొండదారికి మలుపులు చాలా ఉన్నందుకు అతనికి ఏ దేవుడికి దణ్ణం పెట్టాలో తెలియలేదు.

చివరి సాయంత్రం చెరువు గట్టున ఆగారు. పొద్దు బాగా వాలింది. నీళ్ళ నిండా ఆకులు తేలుతున్నాయి. నాన్నని, అమ్మని, మధ్యలో మడత కుర్చీలో నానమ్మని వరసగా పెట్టి అతను ఎదురుగా నిలబడ్డాడు. వచ్చిన చిక్కల్లా నానమ్మతోనే. కెమెరా కనపడితే చాలు, పెదాలు బిగించి, వేలిముద్ర వేయడానికి వచ్చినదానిలా కూర్చుంటుంది.

“నవ్వు నానమ్మా.”

“కట్టుడు పళ్ళు నవ్వితే ఊడతాయిరా.”

డ్రైవరు వచ్చి అతని పక్కన నిలబడింది. అతనిలాగే ఒక కన్ను మూసి, నడుం వంచి, లేని కెమెరా పట్టుకుని ఒంటికాలి మీద ఊగింది. నానమ్మ తలదించి తన కాళ్ళ వైపు చూసింది. చూసి ఒక్కసారిగా, పళ్ళ సంగతి మర్చిపోయి, చిన్నపిల్లలా నవ్వింది. అతను నొక్కాడు.

కెమెరా వెనక తెర మీద ఇద్దరూ తలలు వంచి చూశారు. వెనకనుంచి కొట్టిన ఎండకి వాళ్ళ నీడలు గడ్డి మీద పొడుగ్గా సాగి నానమ్మ చెప్పులదాకా వెళ్ళాయి. నిలబడ్డప్పుడు ఇద్దరి మధ్యా చేతిసంచీ పట్టేంత దూరముంది. నీడల్లో ఆ దూరం లేదు. రెండు తలలూ ఆనుకుని ఉన్నాయి.

“నీడలు పడ్డాయి,” అన్నాడు.

“అవును,” అంది ఆమె. ఇంకాసేపు చూసింది. గొంతులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు. “ఈ ఫోటో నాకు పంపుతారా?”

పంపకుండా ఎలా ఉంటాడు? ఇంటికొచ్చిన రోజే కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఆమెకి పంపే ఫోటోలో ఒక్క మచ్చ ఉండకూడదు. ఆకులకి రంగు తేల్చాడు, గట్టు మీది చిత్తుకాగితం తీసేశాడు. తర్వాత ఆ రెండు నీడల్నీ గడ్డిపోచ గడ్డిపోచగా, తెలిసిన పనితనమంతా చూపించి తుడిచేశాడు. మంచి కాగితం మీద ప్రింటు తీసి పంపి, జవాబు కోసం ఫోన్ పక్కన పెట్టుకుని పడుకున్నాడు.

జవాబు వచ్చింది. “అందింది సార్. చాలా శుభ్రంగా ఉంది.”

ఆ సార్ ఎక్కడినుంచి ఊడిపడిందో అతనికి అర్థం కాలేదు. ఫోన్ చేస్తే ట్రిప్పులో ఉన్నానంది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. నేనేం తప్పు చేశానని రాసుకుని, చెరిపేసుకుని, మళ్ళీ రాసి, మళ్ళీ చెరిపేసి, చివరికి ఏమీ పంపలేదు.

ఏడాది గడిచింది అనడం తేలిక. షాపు ముందు ఏ వ్యాన్ ఆగినా చేతిలో ఉన్న బిళ్ళ జారేది. బస్సెక్కితే డ్రైవరు అద్దం కనపడే సీటు వెతుక్కునేవాడు. అందులో ఏ మీసాలాయనో కనపడేవాడు. అతని టోపీలో ఆ ఎర్ర ఆకు ఎండి, ముట్టుకుంటే పొడయ్యేలా తయారైంది. అందుకని ముట్టుకోకుండా చూసేవాడు. వానల్లో కెమెరా పెట్టె తెరవలేదు. ఎండల్లోనూ తెరవలేదు. “ఊరందరికీ చూపు అమర్చిపెడతాడు, వీడేమో ఎటో చూస్తుంటాడు,” అని నాన్న సణిగేవాడు.

ఎండలు తగ్గాక నానమ్మకి శుక్లాలు తీశారు. కట్టు విప్పాక అతనే కొలతలు తీసి, అద్దాలు తయారుచేసి, తన చేతులతో ఆమె చెవులకి తగిలించాడు. నానమ్మ ఇల్లంతా కలియతిరిగింది. కోడలి తలలో తెల్లవెంట్రుకలు లెక్కబెట్టబోయి చీవాట్లు తింది. హాల్లో గోడకున్న చెరువు గట్టు ఫోటో ముందు ఆగింది.

“ఏరా, ఇందులో మీరిద్దరేరి?”

“నేను తీశాను కదా నానమ్మా, నేనెలా ఉంటాను?”

“ఉన్నారు గదరా, నా కాళ్ళ దగ్గర. నీ నీడా, ఆ పిల్ల నీడా. మొహాలు కనపడకపోయినా నల్లగా అవి కనపడ్డాయి నాకు. తలకాయలు రెండూ ఒకటిచేసుకుని ఊగుతున్నాయి. అది చూసేగా అంత నవ్వొచ్చింది.” అద్దాలు సర్దుకుని ఇంకా దగ్గరికి వెళ్ళింది. “ఇప్పుడు చూడు, వట్టి గడ్డిని చూసి పళ్ళికిలిస్తున్నాను, పిచ్చిదానిలా. ఎవరు తుడిచారు?”

“నేనే.”

“ఆ పిల్లకి పంపింది కూడా ఇదేనా?”

అతను తలూపాడు. ఊపుతుండగానే సంగతి బోధపడి, పక్కనున్న కుర్చీలో కూలబడ్డాడు.

“ఆ పిల్ల అడిగింది నా పళ్ళ కోసం అనుకున్నావట్రా?” అంది నానమ్మ.

వ్యాన్ ఆఫీసుకి ఫోన్ చేస్తే ఆమె ఉందన్నారు, కానీ ఈ సీజనే ఆఖరట. తర్వాత సముద్రం దగ్గర రేవులో లారీ తోలే ఉద్యోగానికి వెళ్ళిపోతుందట. అతను అక్కడికక్కడే వ్యాన్ మాట్లాడేశాడు.

“మళ్ళీ అవే ఆకులా?” అన్నాడు నాన్న.

“అవెందుకుంటాయిరా, పోయినేడే రాలిపోయాయి. ఇవి వేరేవి. ఎక్కు,” అంది నానమ్మ.

డ్రైవరు అలాగే ఉంది, తాళాల గుత్తి తిప్పడం మాత్రం మానేసింది. “రండి సార్, లగేజీ వెనక పెట్టండి,” అంది. చిన్న అద్దాన్ని రోడ్డు మాత్రమే కనపడేలా తిప్పుకుంది. చెరువు గట్టు చేరేదాకా ప్రతి మలుపూ అతనికి వట్టి మలుపే అయింది.

పొద్దు వాలింది. ఆమె బానెట్‌కి ఆనుకుని ఫ్లాస్కులోంచి టీ ఒంపుకుంటోంది. అతను సంచీలోంచి ఒక ఫోటో తీసి ఆమె ముందు పెట్టాడు. చిత్తుకాగితం ఉంది. నీడలు రెండూ ఉన్నాయి.

ఆమె టీ తాగడం మర్చిపోయింది.

“నీడ పడితే ఫోటో పాడైనట్టే అనుకునేవాణ్ణి. ఎక్కడ పడ్డా తీసెయ్యడమే అలవాటు. మీకు మంచిది పంపాలని...”

“ఆ చెత్తకాగితంతో పాటు నన్నూ తీసేశారు.”

“నన్ను కూడా తీసేసుకున్నాను.”

“అది తెలుసుకోడానికి ఏడాది పట్టిందా?”

“నానమ్మ ఆపరేషన్ దాకా పట్టింది.”

ఆమె పెదాలు బిగించింది, నానమ్మలాగే. ఆగలేదు, నవ్వేసింది. తర్వాత కళ్ళు తుడుచుకుంది. “తొలిరోజే జరగమన్నారు. ఫోటో చూశాక, సరే, నిజంగానే జరగమంటున్నారు కాబోలనుకున్నాను.”

“ఈ ఏడాదంతా ఎక్కడ చూసినా మీరు లేకపోవడమే కనపడింది. జరక్కండి. నాకు మీరు కావాలి.”

చెరువు మీద ఆకులు ఒకదాన్నొకటి ఆనుకుని మెల్లగా తిరిగాయి.

“ఉద్యోగానికి మాటిచ్చేశాను,” అంది ఆమె.

“వెళ్ళండి. రేవు దగ్గర కళ్ళద్దాల షాపులు ఉంటాయా?”

“ఉప్పుగాలికి అందరికీ మసకే. బోలెడు.”

“పనివాళ్ళు కావాలంటారా?”

“కనుక్కుని చెప్తాను, ఫోటో బాబూ.”

ఏడాది తర్వాత ఆ పేరు అతనికి మళ్ళీ వినపడింది.

“ఏమర్రా, మాటలు అయ్యాయా?” నానమ్మ కర్ర పోటేసుకుంటూ వచ్చింది. అప్పటిదాకా వెనక్కి తిరిగి చెరువు చూస్తున్న అమ్మ నాన్నని మోచేత్తో పొడిచింది. “ఆ కెమెరా ఇలా తే,” అంది నానమ్మ. “ఎప్పుడూ నువ్వే తీస్తావు, అందుకే ఎందులోనూ ఉండవు. ఇద్దరూ అలా నిలబడండి.”

కొత్త అద్దాలు నుదుటి మీదికి తోసుకుని, మళ్ళీ దించుకుని, నానమ్మ కెమెరా ఎత్తింది. వెనక పొద్దు. ఆమె నీడ, ఎత్తిన రెండు చేతులతో సహా, గడ్డి మీంచి పాకి వచ్చి వాళ్ళిద్దరి మీదా పరుచుకుంది.

“ఒరేయ్, నా నీడ మీ మీద పడుతోందిరా. పక్కకి జరగనా?”

“వద్దు నానమ్మా,” అన్నాడు అతను. “అలాగే ఉండు.”